పేరుకు బడిలోనే

విద్యాశాఖ ఆఫీసు మూడో అంతస్తులో ఆవిణ్ణి అందరూ పట్టికలమ్మ అనేవారు. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగానే ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. ఏ బడిలో ఎంతమంది చేరారు, ఏ తరగతిలో ఎంతమంది మిగిలారు అని ఊళ్ళ నుంచి వచ్చే కాగితాలన్నీ చూసి, కూడి, పట్టికలు కట్టడం. కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పై అధికారులు తొమ్మిదిమంది మారారు. నడుం నొప్పి మాత్రం ఆవిడతోనే ఉండిపోయింది.

ఆ సోమవారం పొద్దున్నే డైరెక్టరు గారు పిలిపించారు. గురువారం పొరుగు దేశం నుంచి విద్యాధికారులు వస్తున్నారట. రెండు దేశాల్లో హైస్కూలు చదువు ముప్ఫై ఏళ్ళలో ఎంత పెరిగిందో ఒక్క బొమ్మలో చూపించాలట. హైస్కూలు వయసు పిల్లలు నూరుమంది ఉంటే వాళ్ళలో బడిలో ఉన్నవాళ్ళెంతమంది, ఏడాదికొక చుక్క, చుక్కలన్నీ కలిపి ఒక గీత. మన గీత పైన ఉండాలని ఆయన అనలేదు. "మన గీత పైనే ఉంది కదమ్మా?" అని మాత్రం అడిగారు. ఉందనే చెప్పింది ఆవిడ.

ఆ సాయంత్రానికి గీతలు తయారయ్యాయి. మనది ఎరుపు, వాళ్ళది నీలం. ముప్ఫై ఏళ్ళ కింద మన దగ్గర నూటికి ముప్ఫై ఎనిమిదిమంది, వాళ్ళ దగ్గర ఇరవై ఆరుగురు. వరదలొచ్చిన ఏడాది ఎర్ర గీత కుంగింది, మళ్ళీ లేచింది. వాళ్ళు ఆడపిల్లలకు పల్లెపల్లెనా హైస్కూళ్ళు కట్టిన రోజుల్లో నీలం గీత నిచ్చెనెక్కినట్టు ఎక్కింది. పదేళ్ళుగా రెండూ ఒకదాని వెనక ఒకటి రొప్పుకుంటూ పరిగెడుతున్నాయి. పోయినేడు మనది డెబ్బై ఒకటి, వాళ్ళది డెబ్బై. ఒకే ఒక్క అంకె తేడా.

తేడా అంత సన్నంగా ఉంటే ఆవిడకు నిద్ర పట్టదు. ఎక్కడైనా కూడిక తప్పిందేమోనని నగరంలో బడుల చిట్టా తిరగేసింది. ఊరి చివర హైస్కూలు దగ్గర వేలు ఆగింది. నాలుగొందల పన్నెండు. ముందేడు నాలుగొందల పన్నెండు. అంతకుముందూ అంతే. మూడేళ్ళలో ఒక్క పిల్లయినా ఎక్కువ చేరలేదు, ఒక్కడైనా మానలేదు. ఇరవై ఆరేళ్ళలో అలాంటి బడిని ఆవిడ చూడలేదు. తన చెల్లెలి కూతురు చదివేది కూడా అదే బడిలో కావడంతో, ఎలాగూ తెలిసిన దారేనని మర్నాడు బస్సెక్కింది.

హెడ్మాస్టరు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినవాడిలా ఉన్నాడు. ఆవిడ ఎందుకొచ్చిందో చెప్పగానే ముఖంలో రంగు మారింది గానీ అడ్డం చెప్పలేదు. చూసుకోండి అన్నాడు. ఆవిడ గది గదికీ వెళ్ళి గుమ్మంలో నిలబడి, పిల్లల తలలు ఐదేసి చొప్పున లెక్కపెట్టి అట్ట మీద గీతలు గీసుకుంది. కొన్ని గదుల్లో బెంచీకి ముగ్గురు, కొన్నింట్లో ఒక్కరు. పాత వానలకు నాని పెచ్చులూడిన గోడ దగ్గర బెంచీలు లాగేసి ఉన్నాయి. లెక్క తప్పిందేమోనని ఇంకోసారి తిరిగింది. రెండుసార్లూ మూడొందల నలభై తొమ్మిదే వచ్చింది.

ఆఫీసు గదిలో హాజరు పట్టీలు ముందేసుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లల పట్టీలో ఇరవై ఏడో నంబరు దగ్గర ఆవిడ చెయ్యి నిలిచిపోయింది. ఇంటిపేరు చెల్లెలి అత్తవారిది. పుట్టిన తేదీ చూడక్కర్లేదు, ఆ రోజు ఆస్పత్రి వరండాలో పొద్దంతా నిలబడ్డది తనే. చెల్లెలి కూతురే, ఇంట్లో అందరికీ పిచ్చిక. ఏ గదిలోనూ ఆ పిల్ల కనబడలేదు. జ్వరమేమో అనుకుని వరస వెంట చూపు నడిపింది. నిన్న హాజరు. శనివారం హాజరు. నెలంతా హాజరు. మధ్యలో నాలుగు రోజులు మాత్రం లేదు.

"ఈ పిల్ల ఇవాళ రాలేదేం?" అంది, గొంతు మామూలుగా పెట్టి.

హెడ్మాస్టరు పట్టీలోకి వంగి చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ అమ్మాయి బడికి రాక పదకొండు నెలలైందండీ," అన్నాడు. "మీకు దాచి లాభం లేదు. అలాంటివాళ్ళు అరవై ముగ్గురున్నారు. రోజూ సాయంత్రం అందరూ వెళ్ళాక నేనే కూర్చుని వేస్తాను. అందరికీ అన్ని రోజులూ హాజరు వేస్తే అనుమానం వస్తుంది కదండీ. అందుకని అప్పుడప్పుడూ జ్వరాలు తెప్పిస్తుంటాను."

ఆవిడకు నవ్వొచ్చినంత పనైంది. ఆయన తన గోడు చెప్పుకుంటూ పోయాడు. నాలుగొందలకు ఒక్కరు తగ్గినా రెండు పోస్టులు ఎత్తేస్తారు. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే ఈ ఏడాదే లెక్కల టీచరూ సైన్సు టీచరూ వచ్చారు. అంతకుముందు లెక్కల పీరియడ్లో పిల్లల్ని గోలచెయ్యకుండా కూర్చోబెట్టడమే చదువు. మానేసిన పిల్లల ఇళ్ళకు మొదట్లో తనే వెళ్ళేవాడు. నాలుగిళ్ళలో మర్యాదగా మాట్లాడారు, అయిదో ఇంట్లో కుక్కను వదిలారు. ఆ తర్వాత ఓపిక చచ్చిపోయింది.

ఆ అమ్మాయి మీకేమవుతుందని ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు. అరవై మూడు పేర్లూ చిరునామాలూ రాయించుకుని, ఆయన చేత సంతకం పెట్టించుకుని బయటపడింది.

చెల్లెలు ఉండేది ఆ బడికి రెండు వీధుల అవతలే. మరిది కాలు విరిగి మంచాన పడ్డ దగ్గర్నుంచి పట్టికలమ్మ ప్రతి ఆదివారం వెళుతూనే ఉంది. వెళ్ళినప్పుడల్లా పిచ్చిక పుస్తకం ముందేసుకుని కూర్చుని కనబడేది. చదువెలా ఉందే అంటే బావుంది పెద్దమ్మా అనేది. దానికి మించి తను అడిగిందీ లేదు, అది చెప్పిందీ లేదు. దేశంలో పిల్లలందరి లెక్కా తన బల్లమీదికి వస్తుందే, ఈ ఒక్క పిల్ల లెక్క తనకెందుకు రాలేదని దారంతా తనను తానే తిట్టుకుంది.

మంగళవారం పూట అక్క గుమ్మంలో కనబడేసరికి చెల్లెలికి విషయం అర్థమైపోయింది. కాసేపు నీళ్ళు నమిలి, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. బట్టల ఫ్యాక్టరీలో, చొక్కాలకు కుట్టు అయ్యాక వేలాడే దారాలు కత్తిరించే పని. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తుంది. తను వెళదామంటే మంచంలో ఉన్న మనిషిని వదిలి కదలడానికి లేదు. లోపలి గదిలోంచి మరిది దగ్గాడు.

"నాతో ఒక్క మాట అనకూడదుటే?" అంది పట్టికలమ్మ.

"ఏమని అనేదక్కా? నీ ముందు తలెత్తుకునే మాట ఏదైనా ఉంటే గదా," అంది చెల్లెలు. కోపంతో కాదు, అలసటతో అంది.

బుధవారం మధ్యాహ్నం సెలవు చీటీ రాసిచ్చి ఫ్యాక్టరీకి వెళ్ళింది. భోజనాల వేళ. గేటు పక్క అరుగుమీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు. పిచ్చిక పెద్దమ్మను చూసి దాక్కోలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. జుట్టులో, కనుబొమ్మల మీద నూలు దుమ్ము. కుడిచేతి బొటనవేలికి కత్తెర ఒరిపిడికి కాయ కాసింది. పిల్ల వయసెంతో తెలిసి ఎలా తీసుకున్నారని అడిగితే, ఇక్కడి పుస్తకంలో తనకు పద్దెనిమిదని నవ్వుతూ చెప్పింది. నాలుగేళ్ళు ముందుకు దూకేసిందట.

పట్టికలమ్మ నిన్నంతా కూడగట్టుకున్న మాటలు అనడం మొదలుపెట్టింది. చదువు పాడైపోతుందనీ, తొమ్మిదో తరగతిలో ఉండాల్సిన పిల్ల ఇలా దారాలు కత్తిరించడమేమిటనీ, బడికి ఇది ద్రోహమనీ అంటూండగా పిచ్చిక డబ్బా మూత పెట్టేసింది.

"పెద్దమ్మా, ఇక్కడ నేను ఒక్క రోజు రాకపోతే పదింటికల్లా ఇంటికి మనిషిని పంపుతారు. ఏమైంది, ఎందుకు రాలేదు అని. బడి మానేసి ఇన్నాళ్ళైంది, ఒక్కళ్ళు రాలేదు. మా గుమ్మం ముందునుంచే టీచర్లు బస్టాపుకెళతారు తెలుసా? నా పేరు ఎప్పుడో కొట్టేసుంటారు."

కొట్టెయ్యలేదే, నీకు మొన్న కూడా హాజరు వేశారే అంది పట్టికలమ్మ. పిల్ల నమ్మలేదు. మధ్యలో నాలుగు రోజులు నీకు జ్వరం కూడా వచ్చిందట అంటే అప్పుడు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఎందుకలా అని అడిగింది. రెండు పోస్టుల సంగతి చెప్పేలోగా గంట మోగింది. పిచ్చిక పరిగెత్తింది. అర నిమిషం ఆలస్యమైనా పేరు పక్కన గీత పడుతుందట.

ఆఫీసుకు తిరిగొచ్చి, ఒక పేజీ నోటు రాసింది. పట్టీలో నాలుగొందల పన్నెండు, తను లెక్కపెట్టింది మూడొందల నలభై తొమ్మిది. తేడా ఇంత. ఇలాంటి బడులు ఇంకెన్ని ఉన్నాయో వెళ్ళి చూస్తే గానీ తెలియదనీ, అంతవరకూ పోయినేటి చుక్క బొమ్మలో పెట్టడం సబబు కాదనీ రాసింది. డైరెక్టరు గారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదాయన. అతిథులు దారిలో ఉన్నారనీ, ఒక్క బడి కోసం దేశం గీతను ఇవాళ కిందికి లాగలేమనీ, వాళ్ళు వెళ్ళాక తప్పకుండా చూద్దామనీ అన్నారు.

గురువారం గోడమీద ఎర్ర గీత నీలం గీతకు పైన నిలిచి వెలిగింది. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. పట్టికలమ్మ వెనక వరసలో, బొమ్మలు మార్చే కంప్యూటరు దగ్గర కూర్చుని ఉంది. టీ విరామంలో వరండా గోడకు వీపు ఆనించి నిలబడితే, అతిథుల్లోంచి ఒకావిడ వచ్చి అదే గోడకు అలాగే ఆనుకుంది. తన వయసే ఉంటుంది. నడుం పట్టుకోవడం చూసి ఇద్దరికీ ఒకరి ఉద్యోగం ఒకరికి తెలిసిపోయింది. ఆవిడ ఆ దేశంలో పట్టికలు కట్టే మనిషి. ఇద్దరికీ సగంసగం వచ్చిన పరాయి భాషలో, చేతులు తిప్పుకుంటూ మాట్లాడుకున్నారు.

మీ గీత ముందుకెళ్ళిన ఏడాదల్లా మా పైవాళ్ళు నన్ను పిలిచి కేకలేసేవాళ్ళని ఆవిడ చెప్పింది. నన్నూ అంతేనని ఈవిడ అంది. ఇరవై ఏళ్ళు ఒకరినొకరు చూడకుండా ఒకరి చేత ఒకరు తిట్లు తిన్నామన్నమాట అనుకుని ఇద్దరూ కళ్ళతో నవ్వుకున్నారు. ఆ తర్వాత పట్టికలమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"మీరు బళ్ళో పిల్లల్ని నిజంగా లెక్కపెడతారటగా, ఏడాదికో రోజు?"

ఆవిడ గ్లాసులో మిగిలిన టీ తాగేసింది.

"పెడతాం. ఆ రోజెప్పుడో నెల ముందే అందరికీ తెలుస్తుంది," అంది. "ఆ ఒక్క రోజుకూ మానేసినవాళ్ళని బతిమాలి తెచ్చి కూర్చోబెడతారు. పెళ్ళయిపోయిన పిల్లలు కూడా వచ్చి బెంచీల్లో కూర్చుంటారు. మర్నాడు మళ్ళీ వెళ్ళిపోతారు. మీ దగ్గర?"

"మా దగ్గర కూర్చోబెట్టే శ్రమ కూడా లేదు," అంది పట్టికలమ్మ.

లోపలికి రమ్మని పిలుపొచ్చింది. వెళ్ళబోతూ ఆవిడ, నువ్వు వెళ్ళి చూశావా అని అడిగింది. ఒక్క బడి చూశానని చెబితే, నేను ఒక్కటి కూడా చూడలేదని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

శుక్రవారం డైరెక్టరు గారు అన్న మాట నిలబెట్టుకున్నారు. ఆవిడ కుర్చీలో కూర్చున్న పది నిమిషాలకే పిలిచి ఒక ఉత్తరం చేతికిచ్చారు. ఊరి చివర హైస్కూల్లో పిల్లల సంఖ్య మూడొందల నలభై తొమ్మిదే అని తేలినందున రెండు పోస్టులు వెనక్కి తీసుకోవడమైనది, హెడ్మాస్టరు సంజాయిషీ ఇవ్వవలసినది. సంతకం ఒక్కటే తక్కువ. మరి గీత సంగతి ఏమిటని అడిగితే, అది ఎలాగూ అందరికీ చూపించేశాం కదమ్మా, మీరు చూసిన తప్పు ఎక్కడుందో అక్కడ సరిదిద్దుదాం అన్నారు.

ఆవిడ ఆ ఉత్తరాన్ని నిలబడే చదివింది. మూడొందల నలభై తొమ్మిదిమంది పిల్లలు బెంచీల్లో కూర్చుని లెక్కలు చెప్పించుకుంటున్నారు. తను రాసిన ఒక్క పేజీతో సోమవారం నుంచి వాళ్ళకు ఆ టీచరుండదు. గోడమీది గీత మాత్రం వెంట్రుకవాసి కదలదు.

"సార్, నేను వెళ్ళిన రోజు వానండీ," అంది. "చాలామంది రాలేదేమో. నా లెక్క నమ్మడానికి లేదు. మళ్ళీ వెళ్ళి చూసొస్తాను, ఆ నోటు నాకిచ్చెయ్యండి."

ఆ వారంలో ఒక్క చినుకు పడలేదని ఆయనకూ తెలుసు. ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత నోటూ ఉత్తరమూ రెండూ కలిపి ఆవిడ వైపు జరిపారు. బరువు దిగినట్టు వెనక్కి వాలారు. తను రాసిన కాగితాన్ని తనే తప్పని చెప్పడం ఆవిడకు ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. మెట్లు దిగుతూ రెండు కాగితాలూ నలిపి సంచీలో కుక్కేసింది. సిగ్గుతోనో, కోపంతోనో ఆవిడకే తెలియలేదు. మధ్యలో ఆగి గోడ పట్టుకుని నిలబడింది. పైకొస్తున్నవాళ్ళు తప్పుకుని వెళ్ళారు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చెల్లెలూ పిచ్చికా ఇంటికొచ్చారు. చెల్లెలు రావడమే వింత. మరిది చేతికర్రతో నడవడం మొదలుపెట్టాడనీ, రెండు పూటలు ఒక్కడే ఉండగలనని తనే అన్నాడనీ చెప్పింది. పిచ్చిక గుమ్మం దగ్గరే నిలబడి, మొన్న నమ్మని మాటే మళ్ళీ అడిగింది. నా పేరు నిజంగా ఉందా అని. ఉందంది పట్టికలమ్మ.

"లేని మనిషికి హాజరెందుకు వేశారు?"

"నీ పేరు కూడా కలిస్తేనే నాలుగొందలు దాటిందే. దాటింది కాబట్టే లెక్కల టీచరొచ్చింది."

పిల్ల ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకుంది. తను ఉన్నన్నాళ్ళూ టీచరు లేదు. తను లేకుండా పోయాక, తన పేరు చూసి టీచరొచ్చింది. ఆ టీచరు ఎలా చెబుతుందని అడిగింది. ఏమో, నువ్వే చూడాలంది పెద్దమ్మ. మళ్ళీ చేరాలంటే చిన్న పిల్లల పక్కన కూర్చోవాలా అని అడిగింది. అక్కర్లేదు, కాగితం మీద నువ్వు తొమ్మిదో తరగతిలోనే ఉన్నావంది.

చెల్లెలు అప్పుడు నోరు విప్పింది. "దీని బదులు నేను పోతానక్కా. మేస్త్రీని అడిగాను. వాళ్ళకు కత్తెర ఆడితే చాలట, అది ఎవరి చేతిలో ఉందో అక్కర్లేదట." చెప్పి, ఎవరూ ఏమీ అనకముందే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినబడింది.

శనివారం పొద్దున పట్టికలమ్మ పిల్లను వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. వీళ్ళను చూడగానే హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు. పోస్టులు పోయాయనే కబురు తెచ్చిందనుకున్నాడు. అలాంటిదేం లేదనీ, ఈ పిల్ల తన చెల్లెలి కూతురనీ ఆవిడ చెప్పింది. ఈ ఏడాది చివరి వరకూ ఏ పేరూ కొట్టించనని, ఆలోగా చిరునామాల కాగితం పట్టుకుని వారానికి కొన్ని ఇళ్ళకు తను వెళతానని కూడా చెప్పింది. కుక్కనొదిలే ఇల్లేదో ముందే గుర్తుపెట్టి ఇవ్వమంది. ఆయన ఆ కాగితం తీసుకుని ఆ ఇంటి పక్కన నిజంగానే చుక్క పెట్టాడు. పెట్టి, నేనూ వస్తానండీ అన్నాడు.

చేర్చుకోవడానికి ఏం రాయాలని ఆవిడ అడిగింది. ఆయన రెండు చేతులూ చూస్తూ నిలబడ్డాడు.

"రాయడానికేం లేదండీ. వెళ్ళిపోయినట్టు ఎక్కడైనా ఉంటే కదా. వెళ్ళి కూర్చోవడమే."

పిచ్చిక దగ్గర సంచీ లేదు. ఒక నోటుబుక్కు, పెన్ను. బొటనవేలి కాయను చూపుడువేలితో రుద్దుకుంటూ హెడ్మాస్టరు వెనకే నడిచింది. చివరి బెంచీలో అమ్మాయిలు ఆశ్చర్యంగా చూసి జరిగారు. మొదటి పీరియడు హాజరు ఆయనే వేస్తాడు. పట్టికలమ్మ వరండాలో కిటికీ పక్కన నిలబడి చూసింది. ఆయన బల్ల దగ్గర నిలబడి పట్టీ తెరిచి, నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు. అలవాటైన గొంతు, అలవాటైన జోరు. పిల్లలు కూడా తలెత్తకుండానే పలుకుతున్నారు.

"ఇరవై ఐదు."

"ఉన్నాను సార్."

"ఇరవై ఆరు."

"ఉన్నాను సార్."

"ఇరవై ఎనిమిది."

ఇరవై ఎనిమిదో నంబరు పిల్ల నోరు తెరిచింది గానీ పలకలేదు. వెనక్కి తిరిగి చూసింది. చివరి బెంచీలో పిచ్చిక లేచి నిలబడి ఉంది.

"సార్, ఇరవై ఏడు," అంది.

హెడ్మాస్టరు పెన్ను గాల్లోనే ఆగింది. తర్వాత పట్టీ మీదికి వంగి, వరసలో వెనక్కి ఒక గడి జరిగి, చూపుడువేలు ఆ గడిమీద ఆనించి ఉంచి మళ్ళీ పిలిచాడు.

"ఇరవై ఏడు."